కుందుర్పి దాకా ఒక కుడి చెయ్యి

కాలవ గట్టున పుట్టినవాళ్ళకు వాన విలువ తెలియదని మా నాన్న అంటుండేవాడు. తెనాలి పక్కన మా ఊళ్ళో వాన అంటే బడికి సెలవు, వాకిట్లో బురద, దండెం మీద ఆరని బట్టలు. అంతకుమించి దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం చివర్లో, అనంతపురం జిల్లాకు వెళ్ళొచ్చాక గానీ ఆ మాట నాకు తలకెక్కలేదు.

అప్పటికి నేను గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరి నాలుగేళ్ళయింది. అదేం ఉద్యోగమో మా ఇంట్లోవాళ్ళకే సరిగా తెలియదు. “మా అమ్మాయి ఆసుపత్రిలో కాళ్ళూ చేతులూ లాగుతుంది” అని అమ్మ పేరంటాల్లో చెప్పేది. విన్నవాళ్ళు నా వంక జాలిగా చూసి, వాయనంలో ఇంకో గుప్పెడు శనగలు ఎక్కువ పోసేవాళ్ళు.

ఆ ఏడు ఒక సేవాసంస్థవాళ్ళు అనంతపురం పల్లెల్లో పోలియో పిల్లలకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు శిబిరాలు పెడుతూ ముగ్గుర్ని పిలిచారు. కాళ్ళకూ చేతులకూ నేను. మాట పడిపోయినవాళ్ళకు మాట నేర్పడానికి బెంగళూరు నుంచి సులోచన. చిత్తూరు నుంచి జయరాజు. అతనిది వృత్తి చికిత్స. అంటే బొత్తాం పెట్టుకోవడం, చెంబు ఎత్తడం, మగ్గం నేయడం, మనిషి రోజూ చేసుకునే పని ఏదైతే అది మళ్ళీ చేయించడం. “కాలు నీది, నాలుక ఆమెది, మిగిలిన సంసారమంతా నాది” అని జయరాజు నన్ను ఏడిపించేవాడు.

ఆ ప్రయాణంలో చాలా ఊళ్ళు చూశాను. ఇప్పుడు తలుచుకుంటే ఊళ్ళకంటే ముందు ఒక ముసలి రైతు కుడి చెయ్యి కళ్ళముందుకు వస్తుంది. విత్తనం వేసే వాన పడేలోగా ఆ గుప్పిట విప్పుకోవాలి. అది మా ముగ్గురి మీదా పడింది.

గుంతకల్లు

మీటరుగేజి రైలు రాత్రంతా కుదిపి కుదిపి తెల్లారాక గుంతకల్లులో దించింది. స్టేషను బయట బండి దగ్గర జనం మూగి ఉంటే నేనూ నిలబడ్డాను. బొరుగులు నీళ్ళలో నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పసుపు వేసి తాలింపు పెట్టి, పైన వేయించిన శనగపప్పు పొడి చల్లి ఇచ్చాడు. పక్కన మిరపకాయ బజ్జీ. ఉగ్గాని అంటారట. మా వైపు మరమరాలంటే పిల్లలకు బెల్లంపాకం పట్టి ఇచ్చేవే, వాటిని ఇలా టిఫిను చేసుకోవచ్చని ఎవరికీ తోచలేదు. బజ్జీతో కలిపి అర్ధరూపాయి. రెండో ప్లేటు కూడా తిన్నాను. ఆ తరువాత చాలా ఏళ్ళు మా ఇంట్లో అది చేయాలని చూశాను గానీ, ప్రతిసారీ బొరుగులు ముద్దయిపోయాయి.

సులోచనా జయరాజూ అప్పటికే దిగి ఉన్నారు. జీపు నడిపే ఖాజా కూడా అక్కడే కలిశాడు. బక్కగా, పొడుగ్గా, చెవిలో బీడీ పెట్టుకుని ఉండేవాడు. నా పెట్టె, సులోచన పెట్టె, జయరాజు తెచ్చిన చెక్కలూ మేకులూ తోలుపట్టీలూ చూసి, “ఇదేం సామానప్పా, ఆస్పత్రి పెడతాండారా, వడ్రంగి కొట్టు పెడతాండారా?” అన్నాడు.

మొదటి శిబిరం వజ్రకరూరులో. నాలుగు చినుకులు పడ్డాయని తెలిసి, ఎక్కడెక్కడి జనమో వచ్చి ఎర్రటి చేలల్లో తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతున్నారు. నాకు వజ్రాలు కనిపించలేదు గానీ మెడలు కనిపించాయి. మధ్యాహ్నానికి నా ముందు మెడ పట్టేసినవాళ్ళు బారు కట్టారు. ఒకాయన మెడను మెల్లగా సవరించి, “ఇక నాలుగు రోజులు తల పైకెత్తి నడువు నాయనా” అన్నాను.

“తలెత్తితే ఎట్ల మేడం? వజ్రం ఆకాశంలో ఉండాదా?” అన్నాడు.

సూది వేయకుండా, మాత్ర ఇవ్వకుండా పంపిస్తున్నామని అందరికీ అనుమానమే. ఏం డాక్టర్లో, ఉట్టి చేతులతో వచ్చినారు అనుకోవడం నా చెవినే పడింది. మా గుంటూరులో అదే మాట వెనక అంటారు. ఇక్కడ ముఖం మీద అంటారు. రెండు రోజుల్లో నాకు ఈ పద్ధతే నచ్చింది.

అనంతపురం

అనంతపురంలో ఒక బడి వరండాలో కూర్చున్నాం. జనం తగ్గాక ఒక ముసలి దంపతులు వచ్చారు. ఆయన చేతికర్ర పట్టుకుని కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నాడు. పేరు హనుమంతరాయుడు. కుందుర్పికి అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరలో ఒక పల్లె. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలు చాలావరకు తిరిగింది. మాట మాత్రం ‘ఊ’, ‘కాదు’, ‘రా’ అన్నంత మిగిలింది. కుడి చెయ్యి బిగించిన పిడికిలిగా ఉంది.

ఆ పిడికిలికి గుడ్డ చుట్టి ఉంది. విప్పబోతే ఆయన భార్య లచ్చుమమ్మ అడ్డం వచ్చింది.

“దాన్ని తీయద్దు పాపా. ఆ గుడ్డలో చెనక్కాయ గింజలు పెట్టి కట్టినా. పట్టు రావల్లంటే గట్టిగా పట్టుకోవల్లని మా చుట్టాలు చెప్పినారు. రేయీ పగులూ పట్టుకోమని నేనే కట్టినా. ఆయప్ప ఒక్క గడియ విడవలేదు.”

మా వేరుశనక్కాయే వాళ్ళ చెనక్కాయ. ఇంకెవరైనా నిమ్మకాయో రబ్బరు బంతో పెట్టేవారు. ఈమె ఇంట్లో ఉన్నది ఇది. గుడ్డ విప్పితే గింజలు చెమటకు మెత్తబడి, అరచేతికి అంటుకుని, గోళ్ళు చర్మంలోకి దిగి ఉన్నాయి. నాకు కోపం రావాల్సింది. ఆమె ముఖం చూసి రాలేదు. సేద్యంలో ఎంత చాకిరీ చేస్తే అంత ఫలం. చేతికి కూడా అదే లెక్క అనుకున్నారు ఇద్దరూ. పక్షవాతం వచ్చిన చేతికి పట్టు ముందే వస్తుంది, అడగకుండా వస్తుంది. రానిది వదలడం. పట్టుకోమని సాధన చేయిస్తే అది ఇంకా బిగుస్తుంది.

ఆ సంగతి చెప్పాను. లచ్చుమమ్మ నేల మీద కూలబడింది.

“అట్లయితే నేనే చెడగొట్టినానా?”

“చెడిపోలేదు పెద్దమ్మా. దారి తప్పింది. మళ్ళిద్దాం. ఎంత తొందరగా కావాలి?”

ఆమె వరండా బయట ఆకాశం వైపు చెయ్యి చూపించింది. పడమటి వైపు మబ్బు పట్టి ఉంది. అక్కడివాళ్ళు దాన్ని మోడం అంటారు.

ఆ తరువాత ఆమె చెప్పింది విన్నాక గానీ నాకు తొందర అర్థం కాలేదు. వాళ్ళ ఇంట్లో విత్తనం వేసే రోజున మొదటి గుప్పెడు ఇంటి పెద్ద కుడిచేత్తో వేయాలి. ఎడమచేత్తో వేస్తే భూమిని అవమానించినట్టు. ఆయన బతికి ఉండగా కొడుకు వేస్తే ఆయన్ని లేడనుకున్నట్టు. ఆయన వేయనిదే విత్తే గొర్రు కదలదు. వాన పడ్డాక నేలలో తడి రెండు మూడు రోజులే ఉంటుంది. దాన్నే పదును అంటారు. పదును పోతే ఆ ఏడు పంట పోయినట్టే. పోయినేడు వానే లేదు. ఈ ఏడు వాన వచ్చి, చెయ్యి రాకపోతే?

“వాన రాకడ, ప్రాణం పోకడ ఎవురికి తెలుస్తాది పాపా? ఈ పొద్దు రావచ్చు, వారానికి రావచ్చు. మా గోపాలుడు, నా కొడుకు, నేనేస్తాలే అంటాండాడు. ఆ మాట ఇనిన దినం ఆయప్ప కూడు ముట్టలేదు” అంది లచ్చుమమ్మ.

హనుమంతరాయుడు ఎడమచేత్తో కుడి పిడికిలి పట్టుకుని నా ముందుకు చాపాడు.  

మా ఆఖరి శిబిరం కుందుర్పిలోనే. దారిలో ధర్మవరం, సోమందేపల్లె చూసుకుని, వెనక్కి తిరిగి కళ్యాణదుర్గం మీదుగా వెళ్ళాలి. మాతో జీపులో రమ్మన్నాం. జీపులో చోటెక్కడుందని ఖాజా గొణిగి, తన పరుపుచుట్ట తీసి ముసలాయన వీపు వెనక పెట్టాడు.

ధర్మవరం

ధర్మవరంలో వీధి మలుపు తిరగ్గానే మగ్గాల చప్పుడు. ప్రతి ఇంట్లోనూ అదే. మా వైపు పట్టుచీర అంటే కొట్లో తెల్లటి పరుపు మీద కూర్చుని చూసేది. ఇక్కడ గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మనిషి చెమటతో కలిపి చూశాను. ఎర్రటి చీరకు ఆకుపచ్చ అంచు, మామిడిపిందెల కొంగు. ధర అడిగి, నా జీతం గుర్తు చేసుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

జయరాజు పని అక్కడ చూడాలి. పోలియోతో ఒక కాలు సన్నబడిన నేతగాడు ఒకతను ఉన్నాడు. రెండు తొక్కుడు కర్రల్నీ ఒక్క కాలితో తొక్కలేక మగ్గం మానేశాడు. జయరాజు గుంటలోకి దిగి, కర్రల్ని దగ్గరికి జరిపి, కాలికి తగిలే ఎత్తులో చెక్క కొట్టి, ఒక పూటంతా అక్కడే గడిపాడు. ఎవరూ అతన్ని డాక్టరు అనుకోలేదు. సాయంత్రం ఆ మగ్గం కదిలింది. నేతగాడి తల్లి జయరాజుకు ఓళిగలు పెట్టింది. మా బొబ్బట్లే, కాకపోతే చేతి వెడల్పుకు రెండింతలు, కాగితమంత పల్చగా. మాకూ తలా ఒకటి దక్కింది.

ఆ ఇంటి వరండాలోనే జయరాజు హనుమంతరాయుడి ముందు ఒక సత్తుగిన్నె పెట్టాడు. “విత్తనం ఎలా వేస్తావో చూపించు పెద్దాయనా” అన్నాడు. పిడికిలిలో నాలుగు గింజలు పెట్టాం. నేను ముంజేయి పట్టుకుని, “వదులు పెద్దాయనా. మెల్లగా వదులు” అంటున్నాను. ఆయన వదలాలనుకున్న కొద్దీ భుజం పైకి లేచింది, దవడ బిగిసింది, పిడికిలి రాయయింది. నేను వదులు వదులు అంటూనే ఉన్నాను. చివరికి ఆయనకు తిక్క రేగి గిన్నెను కాలితో తన్నాడు. తన్నుతూ ఒక తిట్టు తిట్టాడు. మూడు నెలలుగా రెండక్షరాలు దాటని నోట్లోంచి, మా అందరి పూర్వీకుల్నీ కలుపుకుంటూ, ఎక్కడా తడబడకుండా వచ్చింది.

నేను నిర్ఘాంతపోయాను. సులోచన మాత్రం చప్పట్లు కొట్టినంత పని చేసింది.

“మాట ఉంది. లోపల చెక్కుచెదరకుండా ఉంది” అంది. “పిలిస్తే రాదు, దానంతటది వస్తుంది.”

అంతకుముందు రోజు ఆమె తన బొమ్మల అట్టలు ఆయన ముందు పరిచింది. ఓడ, గొడుగు, ఆపిల్‌పండు, పియానో. ఆయన వాటిని చూసి, ఆమెను చూసి, తలకాయ తిప్పుకున్నాడు. తిట్టు విన్న రాత్రి ఆమె ఆ అట్టలన్నీ పెట్టె అడుగున పెట్టేసింది.

తిట్టిన తరువాత ముసలాయన సిగ్గుపడి తలపాగా ముఖం మీదికి లాక్కున్నాడు. లచ్చుమమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. “ఆ తిట్టు ఇనక మూన్నెల్లయింది పాపా. ఇల్లు బోసిగా ఉండేది” అంది.

సోమందేపల్లె

సోమందేపల్లెలో మమ్మల్ని ఒక రైతు ఇంట్లో భోజనానికి పిలిచారు. తాటికాయంత రాగిముద్ద, మధ్యలో గుంట, గుంటలో ఊరగాయ నూనె, పక్కన చెనక్కాయలు నూరి చేసిన ఊరిబిండి, పుల్లటి ఆకుకూర పప్పు. నేను ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని శ్రద్ధగా నమిలాను. పళ్ళకు అంటుకుంది. ఇంకా నమిలాను. ఇంకా అంటుకుంది. వడ్డిస్తున్న ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

“యాడన్నా ముద్ద నములుతారా పాపా? మింగల్ల” అంది లచ్చుమమ్మ. “రవ్వంత తుంచు, పప్పులో అద్దు, గుటుక్కుమని మింగు.”

మింగడం నేర్పే పని కూడా సులోచనదే. పక్షవాతం వచ్చినవాళ్ళకు గొంతు దిగకపోతే ఆమె దిగేలా చేస్తుంది. ఆ పూట తన విద్యంతా నా మీద ప్రయోగించింది. హనుమంతరాయుడు ఎడమచేత్తో ముద్ద తింటూ నా అవస్థ చూసి మొదటిసారి నవ్వాడు. సగం ముఖమే నవ్వింది. ఆ సగం చాలా బాగుంది.

తిన్నాక అరుగు మీద సులోచన ఆయన పక్కన కూర్చుంది. బొమ్మలు లేవు, పాఠం లేదు. వీధిలో ఎడ్లబండి వెళ్తుంటే, “మీ ఎద్దుల పేర్లేమి?” అని లచ్చుమమ్మను అడిగింది. లచ్చుమమ్మ చెప్పబోతే కళ్ళతోనే వద్దంది. మేమందరం ఊరుకున్నాం. బండి మలుపు తిరిగింది. ఆయన పెదవులు కదిలాయి.

“క... కరియ” అన్నాడు. కాసేపాగి, “సుక్క” అన్నాడు.

లచ్చుమమ్మ గోడకు తిరిగి ఏడ్చింది. “నా పేరు పిలవలేదు, ఎద్దుల పేర్లు పిలిచినాడు సూడు” అని ఏడుస్తూనే సాధించింది.

పెనుగొండ కొండల మీద మోడం నల్లబడింది. వీధిలో ప్రతి మనిషీ మాట్లాడుతూ మాట్లాడుతూ అటు చూస్తున్నాడు. నేను కూడా చూడటం మొదలుపెట్టానని అప్పుడు గమనించాను.

కళ్యాణదుర్గం దాటాక

కళ్యాణదుర్గం దాటాక రోడ్డు పేరుకే రోడ్డు. ఖాజా గోతుల్ని తప్పించడం మానేసి, ఏ గొయ్యి చిన్నదో ఎంచుకుని దిగుతున్నాడు. హనుమంతరాయుడు వెనక సీటులో చివర కూర్చున్నాడు. కుడి ముంజేయి జీపు పక్కచెక్క మీద ఆనించి, చెయ్యి బయటికి వేలాడేశాడు. సాధన కోసం నేను పొద్దున్నే పిడికిలిలో నాలుగు గింజలు పెట్టాను. వాటి సంగతి ఆయనా మరిచిపోయాడు, నేనూ మరిచిపోయాను. ఆయన చూపంతా చేల మీద ఉంది. ఎవరో అప్పుడే దుక్కి చేసుకుని సిద్ధంగా పెట్టుకున్నారు. ఎవరో కంప కొడుతున్నారు.

జీపు ఒక గోతిలో పడి లేచింది. నేను ఆయన చేతి వైపు చూశాను. పిడికిలి సడలి ఉంది. గింజలు లేవు.

“ఖాజా, ఆపు” అని అరిచాను. అతను కంగారుగా బ్రేకు వేసిన చోట మొనదేలిన రాయి ఉంది. టైరు పోయింది.

ఖాజా నన్ను ఉర్దూలో ఏదో అంటుంటే పట్టించుకోకుండా వెనక్కి పరుగెత్తాను. రోడ్డు మీద, దుమ్ములో, ఎడం ఎడంగా నాలుగు గింజలూ పడి ఉన్నాయి. ఒకేసారి పడలేదు. ఒక్కొక్కటే జారాయి.

మణికట్టు కిందికి వాలితే వేళ్ళు వాటంతటవే సడలుతాయని చదువుకున్న సంగతే. ధర్మవరంలో నేను ఆ మణికట్టును అలా వాల్చి చూశాను కూడా. కానీ అక్కడ గిన్నె ముందు పెట్టి, చుట్టూ చేరి, వదులు వదులు అని నసపెట్టాం. ఇక్కడ ఎవరూ వదలమనలేదు. చెయ్యి వేలాడింది, దారి కుదిపింది, మనసు ఇంకెక్కడో ఉంది. జయరాజు, సులోచన దిగివచ్చి నా పక్కన నిలబడి ఆ గింజల్ని చూశారు. వజ్రకరూరులో జనం నేలను అలాగే చూశారు.

టైరు మార్చేంతసేపూ ఆయన్ని జీపు పక్కన నిలబెట్టి, పక్కచెక్క మీద మణికట్టు ఆనించి సాధన చేయించాం. చూస్తూ ఉంటే పడలేదు. ఎద్దుల గురించి సులోచన ఏదో అడిగితే రెండు పడ్డాయి. మళ్ళీ పడలేదు. మళ్ళీ ఒకటి పడింది.

అప్పుడు వాన వచ్చింది. ముందు గాలి, తరువాత ఎర్రటి దుమ్ము, తరువాత పెద్ద పెద్ద చినుకులు. అలవాటు కొద్దీ గొడుగు తెరిచాను. లచ్చుమమ్మ నా చేతిలోంచి లాగేసింది.

“మూసెయ్ పాపా. కాళ్ళుమొక్కి పిలిస్తే వచ్చింది, దానికి అడ్డం పెడతావా?”

అందరం నిలబడి తడిశాం. ఖాజా జాకీ పట్టుకుని తడిశాడు. దూరంగా చేలల్లో మనుషులు ఇళ్ళలోకి పరుగెత్తలేదు, ఇళ్ళలోంచి బయటికి వచ్చారు. హనుమంతరాయుడు ముఖం పైకెత్తి ఉన్నాడు. తరువాత తల దించి తన కుడిచేతిని చూసుకున్నాడు. ఆయన ముఖంలో సంతోషం పోయి భయం వచ్చింది. ఇక గడువు లేదు.

కుందుర్పి అవతల

ఆ రాత్రి ముసలి దంపతుల్ని వాళ్ళ పల్లెలో దించాం. మర్నాడు కుందుర్పిలో శిబిరం. ఒక్క మనిషి కూడా రాలేదు. వాన పడ్డాక కాలునొప్పి, నడుంనొప్పి ఎవరికి గుర్తుంటాయి? మేం ముగ్గురం ఖాళీ బెంచీలను చూసుకుని, ఖాజాను లేపి, హనుమంతరాయుడి పల్లెకు వెళ్ళాం.

చేను ఊరికి కాస్త ఎత్తున ఉంది. చుట్టూ అన్ని చేలల్లోనూ గొర్రులు కదులుతున్నాయి. ఈ ఒక్క చేలో నిలబడి ఉంది. గొర్రు అంటే విత్తే పరికరం. దాని మీద చెక్కగిన్నె ఉంటుంది, జడ్డిగం అంటారు. అందులో గింజ వేస్తే వెదురు గొట్టాల్లోంచి జారి సాళ్ళలో పడుతుంది. పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ఉంచారు. ఎద్దులు రెండూ, కరియా సుక్కా, కాడికి కట్టి ఉన్నాయి. గోపాలుడు వాటి దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చెడ్డవాడు కాదు, కంగారులో ఉన్నాడు.

“ఎండ ఎక్కతాండాది నాయనా. రేపు మధ్యాహ్నానికి పైతడి ఆరిపోతాది. నువ్వు చెయ్యి తాకిచ్చు, అంతే సాలు. నేనేస్తా” అన్నాడు.

హనుమంతరాయుడు “కాదు” అన్నాడు. ఆ మాట ఆయనకు బాగా వచ్చు.

లచ్చుమమ్మ ఒడిలోంచి గుప్పెడు గింజలు తీసి ఆయన కుడిచేతిలో పెట్టింది. ఆయన జడ్డిగం మీదికి చెయ్యి చాపాడు. పక్క చేలవాళ్ళు కూడా గొర్రులాపి చూస్తున్నారు. భుజం లేచింది. దవడ బిగిసింది. పిడికిలి రాయయింది. ఒక్క గింజ రాలలేదు.

 నాకు ఏడుపొచ్చింది. వదులు అనబోయి నోరు మూసుకున్నాను.

జయరాజు నెమ్మదిగా వెళ్ళి ఆయన ముంజేతిని జడ్డిగం అంచు మీద ఆనించాడు, జీపు పక్కచెక్క మీద ఆనించినట్టే. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి కిందికి దించి, మణికట్టును గిన్నెలోకి వాల్చాను. సులోచన ఎద్దుల పక్కకు వెళ్ళి నిలబడి, “ఎద్దుల్ని తోలు పెద్దాయనా. నువ్వు పిలిస్తేనే కదులుతాయట” అంది.

ఆయన చేతిని మరిచి ఎద్దుల వైపు చూశాడు.

“కరియా” అన్నాడు. “సుక్కా. హో... పా.”

ఎద్దులు కదిలాయి. ఎంత ఠక్కున కదిలాయంటే, గోపాలుడు మేడి పట్టుకోవడానికి పరుగెత్తాడు. గొర్రు కుదిపింది. ఆయన దాంతోపాటు కాలు ఈడుస్తూ నడిచాడు. ఆయన్ని ఒక పక్క నేను, ఒక పక్క లచ్చుమమ్మ పట్టుకున్నాం. నేను జడ్డిగంలోకి చూశాను. ఒక గింజ, ఆ వెనక ఒకటి, ఆ వెనక రెండు. చెక్కకు తగిలి టకటకమని గొట్టాల్లోకి జారిపోయాయి. పది అడుగులు వెళ్ళేసరికి ఆయన అరచెయ్యి ఖాళీ అయింది.

“పడినాయి” అంది లచ్చుమమ్మ. మామూలు గొంతుతోనే అంది.

ఎవరైనా మమ్మల్ని మెచ్చుకుంటారని నేను ఎదురుచూశాను. అబద్ధమెందుకు, బాగా ఎదురుచూశాను. ఒక్కరూ మా వైపు చూడలేదు. మరుక్షణం అందరూ పనిలో పడ్డారు. పదును ఆగదు. హనుమంతరాయుణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి, లచ్చుమమ్మ ఒడి నింపుకుని గొర్రు వెనక చేరింది. రెండు సాళ్ళు తిరిగి వచ్చి నన్ను చూసి, “ఏం పాపా, ఊరికే నిలబడితివే? మనిషి తక్కువుండాది, ఒక సాలు నువ్వెయ్ రా” అంది.

ఆ చేను ఆ ఏడు ఎంత పండిందో నాకు తెలియదు. మళ్ళీ అటు వెళ్ళడం పడలేదు. నాకు ఇప్పుడు అప్పటి లచ్చుమమ్మ వయసు. వాన పడితే గొడుగు తెరవడానికి ముందు ఒక్క క్షణం తటపటాయిస్తాను. మా మనవరాలు నవ్వుతుంది.

ఆ రోజు చీర ఎగ్గట్టి, ఒడిలో గింజలు పోయించుకుని గొర్రు వెనక నడిచాను. మెత్తటి తడినేలలో పాదాలు దిగబడుతున్నాయి. జడ్డిగంలోకి చెయ్యి పెట్టాను గానీ, ఎక్కువ పడతాయేమో, తక్కువ పడతాయేమో, వీళ్ళ ఏడాది తిండి నా చేతిలో ఉందే అన్న భయంతో పిడికిలి బిగుసుకుపోయింది. గొర్రు పోతోంది, సాలు ఖాళీగా వెళ్ళిపోతోంది. లచ్చుమమ్మ ఏదో అరుస్తోంది. నా చెయ్యి నా మాట వినడం లేదు.

గట్టు మీద నుంచి నవ్వు వినిపించింది. చూస్తే ముసలాయన కుడిచేతిని మోకాలి మీద పెట్టి, మణికట్టు కిందికి వాల్చి, ఎలా చెయ్యాలో నాకు చూపిస్తున్నాడు.

“వదులు పాపా” అన్నాడు. నిదానంగా, స్పష్టంగా, నేను వారం రోజులు ఆయనతో అన్నట్టే. “మెల్లగా... వదులు.”

నేను చెయ్యి వాల్చాను. గింజలు పడ్డాయి.